ఐసీయూ మానిటర్ చేత బీట్లు సరిగ్గా లెక్కపెట్టించడం ఎలా

మానిటర్ తెర మీద 82 అని పచ్చగా వెలుగుతుంటే అది గుండె చెప్పిన అంకె అనుకుంటాం. నిజానికి అది మానిటర్ కట్టిన అంచనా. గుండె దానికి కనిపించదు. చర్మం మీద అంటించిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ తేడా ఒక్కటే కనిపిస్తుంది. ఆ తేడా 1 మిల్లీవోల్టుకు అటూ ఇటూ ఉంటుంది, అంటే టీవీ రిమోట్‌లో వేసే సెల్ ఇచ్చే దానిలో 1500వ వంతు. ఆ గీతలో నిటారుగా లేచిన ముల్లునల్లా బీట్ అనుకుని లెక్కేస్తుంది. ఆ ముల్లు గుండెదా, రోగి పళ్లు తోముకుంటుంటే చెయ్యి కదిలి వచ్చిందా అన్నది లోపలి ప్రోగ్రామ్ తేల్చుకోవాలి. అది సరిగ్గా తేల్చుకుందా లేదా అన్నదాంట్లో సగం వంతు మీరు లీడ్స్ (ఎలక్ట్రోడ్లు, వాటి వైర్లు) పెట్టే తీరుదే. ఇది ఐసీయూ స్టాఫ్ నర్సులకు, టెక్నీషియన్లకు, బయోమెడికల్ విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చేలా రాసింది.

ముందు చర్మం సంగతి

తప్పుడు అలారాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది, అందరూ తొందరపడేదీ ఇక్కడే. చర్మం పైపొర ఎండిన మృతకణాల పొర. దాని మీద నూనె, పౌడరు, చెమట. కరెంటుకు ఇదంతా అడ్డుగోడే.

వెంట్రుకలు ఉంటే క్లిప్పర్‌తో తీయండి, రేజర్ వద్దు, గీసుకుపోతే మంట, ఇన్‌ఫెక్షన్. సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత పొడి గాజ్ ముక్కతో నాలుగైదుసార్లు గట్టిగా రుద్దండి. చర్మం కాస్త ఎర్రబడితే చాలు. పసిపిల్లలకు, పలచబడ్డ చర్మం ఉన్న ముసలివాళ్లకు గాజ్‌తో అద్ది వదిలేయండి. స్పిరిట్ దూది అందరికీ అలవాటు గానీ, అది నూనెను తీసినంతగా చర్మాన్నీ ఎండబెడుతుంది. వాడక తప్పకపోతే పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడి స్పిరిట్ మీద అంటించిన ఎలక్ట్రోడ్ గంటలో ఊడివస్తుంది.

ఎలక్ట్రోడ్ వెనక కాగితం తీయగానే మధ్యలో స్పాంజి తడిగా మెరవాలి. తెరిచిన పాకెట్‌ను ట్రాలీ మీద అలాగే వదిలేస్తే జెల్ ఎండిపోతుంది, అది అంటించినా వృథా. వైరు టిచ్‌బటన్‌ను ముందే ఎలక్ట్రోడ్‌కు బిగించి, ఆ తర్వాత ఒంటికి అంటించండి. ఛాతీ మీద అంటించాక పైనుంచి నొక్కి బిగిస్తే రోగికి నొప్పి, పైగా జెల్ పక్కకు చిమ్ముతుంది. అంటించేటప్పుడు కూడా మధ్యలో కాదు, అంచుల చుట్టూ వేలితో రాయండి.

ఒకే రోగికి రెండు కంపెనీల ఎలక్ట్రోడ్లు కలిపి పెట్టకండి. లోహం, జెల్ కలిసే ప్రతి చోటా సొంతంగా కొంత డీసీ వోల్టేజీ పుడుతుంది. అన్నీ ఒకటే రకమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రకాలు వేరైతే తేడా మిగులుతుంది. గుండె సంకేతం 1 మిల్లీవోల్టు అయితే ఈ తేడా వందల మిల్లీవోల్టుల దాకా పోవచ్చు. సుమారు 300 దాకా తట్టుకునేలా మానిటర్లను తయారుచేస్తారు, అది దాటితే గీత ఏ పైఅంచుకో వెళ్లి అతుక్కుపోతుంది.

రోజూ 24 గంటలకోసారి మార్చండి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి రెండు వార్డుల్లో ఇంకేమీ మార్చకుండా ఎలక్ట్రోడ్లను రోజూ మార్చి చూస్తే, బెడ్‌కు వచ్చే అలారాలు 46 శాతం తగ్గాయి. 2013లో ప్రచురించిన లెక్క ఇది. పొద్దుట స్పాంజ్ బాత్ అయ్యాక మార్చడం అలవాటు చేసుకుంటే వేరే గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

రంగు చూసి కాదు, అక్షరం చూసి

వైర్ల రంగులకు రెండు పద్ధతులున్నాయి. యూరప్ పద్ధతిలో ఎరుపు కుడి చెయ్యి, పసుపు ఎడమ చెయ్యి, ఆకుపచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు, తెలుపు ఛాతీ. అమెరికా పద్ధతిలో తెలుపు కుడి చెయ్యి, నలుపు ఎడమ చెయ్యి, ఎరుపు ఎడమ కాలు, ఆకుపచ్చ కుడి కాలు, గోధుమరంగు ఛాతీ. ఒకే ఆసుపత్రిలో రెండు రకాల కేబుళ్లూ తగులుతుంటాయి. ఎరుపు సంగతి చూడండి: ఒకదాంట్లో కుడి భుజం, రెండోదాంట్లో ఎడమ డొక్క. గుండెకు సరిగ్గా ఎదురెదురు మూలలు. పొరపాటున ఒక పద్ధతి కేబుల్‌ను రెండో పద్ధతిలో పెడితే లీడ్ 2 (కుడి చెయ్యి, ఎడమ కాలు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను చూపే గీత) తలకిందులవుతుంది, లేదా పొట్టిగా వంకరగా వస్తుంది. అందుకే టిచ్‌బటన్ మీద ముద్రించిన అక్షరం చూసి పెట్టండి: యూరప్ కేబుల్‌కు ఆర్, ఎల్, ఎఫ్, ఎన్, సి, అమెరికా కేబుల్‌కు ఆర్ఏ, ఎల్ఏ, ఎల్ఎల్, ఆర్ఎల్, వీ.

చోట్లు: చేతులవి రెండూ భుజాల దగ్గర, కాలర్ ఎముకకు కాస్త కింద. కాళ్లవి రెండూ పక్కటెముకల కింది అంచు దగ్గర, కుడి ఎడమల. కండ మీద అంటిస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా కండ కరెంటు గీతలోకి వస్తుంది, కాబట్టి భుజం కండను వదిలేసి లోపలి వైపుకు జరగండి. రొమ్ము మీద కాదు, దాని కింద. డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు పడే చోటు ఖాళీగా ఉంచండి. అత్యవసరంలో ఎలక్ట్రోడ్లు పీకుతూ కూర్చునే తీరిక ఉండదు.

ఛాతీ లీడ్‌ను కళ్లతో అంచనా వేసి పెట్టొద్దు. గొంతు కింది గుంత నుంచి వేలిని రొమ్ము ఎముక మీదుగా కిందికి జార్చితే అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టుకు పక్కన ఉండేది రెండో పక్కటెముక, దాని కింది సందు రెండో సందు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ నాలుగో సందుకు రండి. రొమ్ము ఎముక కుడి అంచున అంటిస్తే అది వీ1. వెడల్పాటి బీట్ జఠరికలదా (గుండె కింది గదులదా), పైనుంచి వచ్చి దారి తప్పిందా అని తేల్చడానికి వీ1 బాగా పనికొస్తుంది. ఒక్క సందు పైకో కిందికో పోతే ఆ ప్రయోజనం పోతుంది.

చేతుల వైర్లు అటూ ఇటూ మారాయా అని తెలుసుకోవడం తేలిక. లీడ్ 1 మొత్తం తలకిందులుగా ఉంటుంది, లీడ్ 2, లీడ్ 3 ఒకదాని చోట ఒకటి వస్తాయి.

మానిటర్‌లో పెట్టాల్సినవి

రోగిని చేర్చుకోగానే వయసు వర్గం సరిచూడండి: పెద్దవాళ్లా, పిల్లలా, పసికందులా. పసికందు క్యూఆర్ఎస్ (జఠరికలు కొట్టినప్పుడు వచ్చే నిటారు ముల్లు) సన్నగా ఉంటుంది, వేగం ఎక్కువ. పాత రోగి సెట్టింగ్ మిగిలిపోతే లెక్కతో పాటు అలారం హద్దులూ తప్పుతాయి.

ఫిల్టర్ సంగతి చాలామంది పట్టించుకోరు. పేర్లు కంపెనీని బట్టి కొద్దిగా మారినా స్థూలంగా మూడు రకాలు. మానిటర్ మోడ్ 0.5 నుంచి 40 హెర్ట్జ్ దాకా పంపిస్తుంది, మామూలుగా ఇదే ఉంచండి. సర్జరీ మోడ్ ఇంకా ఇరుకు, 1 నుంచి 20 దాకా. థియేటర్‌లో కాటరీ (కరెంటుతో కోసే, కాల్చే పరికరం) నడిచేటప్పుడు వాడతారు. డయాగ్నస్టిక్ మోడ్ 0.05 నుంచి 150 దాకా. గీత శుభ్రంగా కనబడుతోందని సర్జరీ మోడ్‌లోనే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. గీత శుభ్రమైంది నిజమే, ముల్లు కూడా అరిగిపోయింది. ఎస్‌టీ భాగం (క్యూఆర్ఎస్ ముల్లుకూ ఆ తర్వాతి టీ వేవ్‌కూ మధ్య గీత) మెల్లగా మారే సంకేతం కాబట్టి 0.5 హెర్ట్జ్ కింది భాగాన్ని కోసేస్తే లేని డిప్రెషన్ (ఆ గీత కిందికి దిగడం) కనిపించొచ్చు, ఉన్నది మాయం కావచ్చు. ఎస్‌టీ గురించి ఏదైనా నమ్మాలంటే డయాగ్నస్టిక్ మోడ్‌కో, ఎస్‌టీ మోడ్ ఉంటే దానికో మార్చి చూడండి.

కరెంటు గోలను కోసే నాచ్ ఫిల్టర్ మన దేశంలో, బ్రిటన్‌లో, దుబాయ్‌లో 50 హెర్ట్జ్ మీద ఉండాలి. అమెరికాలో, సౌదీలో 60. విదేశాల్లో వాడి ఇక్కడికి తెచ్చి అమ్మిన మానిటర్లలో 60 మిగిలిపోయి, ఎన్ని ఎలక్ట్రోడ్లు మార్చినా గీత మందంగా బూజు పట్టినట్టు కనిపించడం ఉంటుంది. మెనూలో ఒక్క మార్పుతో పోయేదానికి కేబుల్ కొనకండి.

ఇక లీడ్ ఎంపిక. అలవాటుగా లీడ్ 2 పెట్టేస్తాం. కానీ మానిటర్‌కు కావాల్సింది పొడవాటి, సన్నటి, పూర్తిగా పైకో పూర్తిగా కిందికో ఉన్న క్యూఆర్ఎస్. సగం పైకి సగం కిందికి ఉన్నది దానికి తిప్పలు. ముల్లు కనీసం 0.5 మిల్లీవోల్టు, అంటే మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల గెయిన్‌లో (గీతను పెద్దది చేసి చూపే కొలతలో) 5 చిన్న గడులు ఉండాలి. ముల్లుకు ముందు వచ్చే పీ వేవ్, తర్వాత వచ్చే టీ వేవ్ 0.2 మిల్లీవోల్టు దాటకపోతే మంచిది. అన్ని లీడ్లూ ఒకసారి తిప్పి చూసి, ఇవి కుదిరినదాన్ని పైవరసలో పెట్టండి. మానిటర్‌కు రెండు లీడ్లను కలిపి విశ్లేషించే సౌకర్యం ఉంటే అది ఆన్ చేయండి. ఒక ఎలక్ట్రోడ్ ఊడినా లెక్క ఆగదు.

ఇక్కడే ఒక భ్రమ. గీత పొట్టిగా ఉందని తెర మీద గెయిన్ రెట్టింపు చేస్తే మానిటర్‌కు బీట్ బాగా దొరుకుతుందని అనుకుంటారు. చాలా మానిటర్లలో అది మీ కళ్లకు మాత్రమే పెద్దదవుతుంది, లోపలి లెక్కకు వెళ్లే సంకేతం మారదు. పొట్టిగా ఉంటే లీడ్ మార్చాలి, లేదా ఎలక్ట్రోడ్ చోటు మార్చాలి.

ఒక్క బీట్ లోపల ఏమవుతుంది

కంపెనీలు తమ లెక్కను పూర్తిగా బయటపెట్టవు గానీ, చాలావాటికి వెన్నెముక 1985లో పాన్, టాంప్కిన్స్ అనే ఇద్దరు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ప్రచురించిన పద్ధతిలాంటిదే. దాని వెంట ఒక బీట్‌ను నడిపిస్తే అలారాల గుట్టు సగం బయటపడుతుంది.

మొదట 5 నుంచి 15 హెర్ట్జ్ మధ్య భాగాన్ని మాత్రమే ఉంచుతుంది. క్యూఆర్ఎస్ శక్తి ఎక్కువగా ఉండేది అక్కడే. ఊపిరితో ఊగే అడుగుగీత దీనికి కింద పోతుంది, 50 హెర్ట్జ్ గోల పైన పోతుంది. తర్వాత గీత ఎంత నిటారుగా లేచిందో, అంటే వాలు కొలుస్తుంది. క్యూఆర్ఎస్ వాలు 10 అనుకుందాం, టీ వేవ్ నింపాదిగా లేస్తుంది కాబట్టి దాని వాలు 2. తర్వాతి మెట్టులో ఆ అంకెలను వర్గం చేస్తుంది: 100, 4. ఐదు రెట్ల తేడా ఇరవై అయిదు రెట్లయింది. పైకి లేచిన ముల్లు, కిందికి దిగిన ముల్లు రెండూ ధనమే అవుతాయి. చివరగా 150 మిల్లీసెకన్ల కిటికీలో సగటు తీసి, ముల్లును ఒక గుట్టగా మారుస్తుంది.

ఇప్పుడు గుట్ట బీటా కాదా అని తేల్చే హద్దు గీయాలి. ఆ హద్దు స్థిరంగా ఉండదు. ఇటీవలి బీట్ల గుట్టల ఎత్తు, ఇటీవలి గోల ఎత్తు రెండూ గుర్తుపెట్టుకుని, గోల మీద, రెండింటి తేడాలో నాలుగో వంతు ఎత్తున హద్దు పెడుతుంది. బీట్లు 100, గోల 8 అయితే తేడా 92, అందులో పావు 23, హద్దు 31. నలభై ఎత్తున్న బలహీనమైన బీట్ కూడా దొరుకుతుంది. ఇప్పుడు రోగికి చలిజ్వరం వచ్చి వణుకుతున్నాడనుకోండి. గోల 60కి పెరిగింది. హద్దు 70. నిన్నటిదాకా దొరికిన 65 ఎత్తు బీట్ ఇప్పుడు దొరకదు. రోగి గుండె మారలేదు, గోల మారింది. అంకె పడిపోయి బ్రాడీకార్డియా (గుండె వేగం మరీ తగ్గడం) అలారం కొట్టడానికి ఇదొక దారి.

దీనికీ ఒక విరుగుడు పెట్టారు. సగటు బీట్ దూరం 800 మిల్లీసెకన్లయితే, దానికి 166 శాతం, అంటే 1328 మిల్లీసెకన్లు గడిచినా బీట్ దొరకకపోతే వెనక్కి వెళ్లి సగం హద్దుతో మళ్లీ వెతుకుతుంది. పైన చెప్పిన వణుకు రోగికి సగం హద్దు 35, ఆ 65 ఎత్తు బీట్ అప్పుడు చిక్కుతుంది. చిక్కకపోతే జారిపోయినట్టే.

ఇంకో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒక బీట్ తర్వాత 200 మిల్లీసెకన్ల దాకా రెండో బీట్‌ను ఒప్పుకోదు, గుండె కండరానికి ఆ విరామం ఉంటుంది కనుక. 200 నుంచి 360 మిల్లీసెకన్ల మధ్య ఏదైనా వస్తే అనుమానంగా చూస్తుంది: దాని వాలు ముందు బీట్ వాలులో సగం కూడా లేకపోతే టీ వేవ్ అని తోసేస్తుంది.

ఎంఐటీ-బీఐహెచ్ అని పేరున్న ప్రామాణిక రికార్డుల మీద, అంటే 48 అరగంట ఈసీజీల మీద, ఈ పద్ధతి 99.3 శాతం బీట్లను సరిగ్గా పట్టింది. బాగుంది అనిపిస్తుంది. నిమిషానికి 70 కొట్టే గుండె రోజుకు లక్షా 800 సార్లు కొడుతుంది. అందులో 0.7 శాతం అంటే 700కు పైగా తప్పులు, ఒక్క బెడ్ మీద, ఒక్క రోజులో. నేటి మానిటర్లు దీనికంటే మెరుగే, అయినా తప్పు సున్నా కాదు.

తెర మీద అంకె ఒక్క బీట్ నుంచి రాదు. చాలా మానిటర్లు చివరి 12 బీట్ల దూరాల సగటు తీస్తాయి, గుండె బాగా నెమ్మదిస్తే నాలుగింటికే పరిమితమవుతాయి. అందుకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) రోగిలో అంకె 88, 112, 97 అని గెంతుతుంటుంది. అలాంటప్పుడు సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో స్ట్రిప్ తీసి, 150 మిల్లీమీటర్లలో, అంటే 6 సెకన్లలో ఎన్ని ముళ్లున్నాయో లెక్కేసి 10తో గుణించండి. అంతకంటే నమ్మకమైన అంకె కావాలంటే స్టెతస్కోప్ పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టడమే.

అంకె రెట్టింపైనప్పుడు, సగమైనప్పుడు

మానిటర్ 156 చూపిస్తోంది, చేతికి పల్స్ 78 తగులుతోంది, శాచురేషన్ ప్రోబ్ (వేలికి పెట్టి ఆక్సిజన్ కొలిచే క్లిప్) చూపే పల్స్ అంకె కూడా 78. సరిగ్గా రెట్టింపు కనిపించగానే టీ వేవ్‌ను చూడండి. పొటాషియం పెరిగినప్పుడు టీ వేవ్ గుడారంలా సన్నగా, నిటారుగా లేస్తుంది. నిటారుగా ఉంటే దాని వాలు ముల్లు వాలులో సగానికి మించిపోతుంది, పైన చెప్పిన పరీక్ష దాన్ని ఆపలేదు. లీడ్ మార్చి టీ చిన్నగా ఉన్నదాన్ని ఎంచుకుంటే అంకె సర్దుకుంటుంది. కానీ అంకె సర్దుకుందని ఊరుకోకండి. కిడ్నీ రోగి, డయాలసిస్ తప్పినవాళ్లు అయితే ఆ టీ వేవే అసలు వార్త: డ్యూటీ డాక్టర్‌కు చెప్పి 12 లీడ్ ఈసీజీ తీయించి, పొటాషియం పరీక్షకు రక్తం పంపించండి.

సగమైతే ఒక బీట్ ఒదిలి ఒక బీట్ ఎత్తు మారుతోందా చూడండి. గుండె చుట్టూ నీరు చేరినప్పుడు గుండె ఊగి అలా అవుతుంది. ముళ్లన్నీ పొట్టిగా ఉండి మానిటర్ అసిస్టోల్ (గుండె పూర్తిగా ఆగింది) అని అరుస్తుంటే స్థూలకాయం, ఊపిరితిత్తుల్లో గాలి నిండిపోవడం, గుండె చుట్టూ నీరు, ఎండిన జెల్ అనే నాలుగింటిలో ఏదో ఒకటి. మొదట జెల్ చూడండి, చవకైనది అదే.

గీత బూజుగా ఉంటే వరుస ఇది: కుడి కాలి ఎలక్ట్రోడ్ ముందు మార్చండి, ఒంట్లోకి వచ్చే కరెంటు గోలను తగ్గించే దారి అదే కాబట్టి, తర్వాత మిగతా నాలుగు, తర్వాత కేబుల్ మార్చి చూడండి, బెడ్ మోటారు, ఎయిర్ మ్యాట్రెస్ ప్లగ్ ఒక్కొక్కటే తీసి చూడండి, చివరగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ ఎర్త్ చూపించండి. గీత ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతుంటే డొక్క దగ్గరి ఎలక్ట్రోడ్లను కాస్త జరపండి, వైర్లను బరువు లాగకుండా దుప్పటికి క్లిప్ చేయండి.

అసలు రిథమ్ నేర్పడం

బీట్ దొరికాక దాని ఆకారం చూస్తుంది. వెడల్పు, ఎత్తు, ముందుబీట్ నుంచి దూరం కొలిచి, ఈ రోగి మామూలు బీట్‌గా దాచుకున్న నమూనాతో పోల్చుతుంది. ముందుగా వచ్చి, వెడల్పుగా ఉండి, నమూనాతో సరిపోకపోతే జఠరిక బీట్ అని ముద్ర వేస్తుంది. అలాంటివి వరుసగా కొన్ని, నిర్ణీత వేగం దాటితే వీటీ (జఠరికల నుంచి పుట్టే అతివేగపు లయ). లీడ్స్ పెట్టగానే, లీడ్ మార్చగానే మొదటి కొన్ని బీట్లతో ఈ నమూనా తయారవుతుంది. మెనూలో ‘రీలెర్న్’ నొక్కితే పాతది చెరిపి కొత్తది నేర్చుకుంటుంది.

వీటీ నడుస్తుండగా రీలెర్న్ నొక్కితే మానిటర్ ఆ వెడల్పాటి బీట్లనే మామూలువిగా నేర్చుకోవచ్చు. ఆ తర్వాత వీటీ వచ్చినా ‘ఇదే కదా మామూలు’ అని ఊరుకుంటుంది. అలారం పదేపదే కొడుతోంటే విసుగొచ్చి రీలెర్న్ నొక్కడం ఈ ఉచ్చులో పడే దారి. రోగి సాధారణ రిథమ్‌లో, కదలకుండా ఉన్నప్పుడే నొక్కండి; నొక్కాక ప్రతి బీట్ మీద మానిటర్ వేస్తున్న ముద్రలు తెర మీద చూపించుకుని సరిచూడండి. బండిల్ బ్రాంచ్ బ్లాక్ (జఠరికలకు కరెంటు వెళ్లే ఒక దారి అడ్డుపడి ముల్లు వెడల్పవడం) ఒకసారి వచ్చి ఒకసారి పోయే రోగుల్లో మాత్రం ఎంత నేర్పినా పప్పులో కాలేస్తూనే ఉంటుంది.

పేస్‌మేకర్ ఉంటే

చేర్చుకునేటప్పుడే అడిగి మెనూలో ‘పేస్‌డ్: అవును’ పెట్టండి. పేస్‌మేకర్ స్పైక్ 0.1 నుంచి 2 మిల్లీసెకన్ల పాటే ఉంటుంది. 40 హెర్ట్జ్ ఫిల్టర్‌లోంచి అది ఉన్నదున్నట్టు రాదు. అందుకే దాన్ని ఫిల్టర్‌కు ముందే వేరే సర్క్యూట్ పట్టుకుని, లెక్కలోంచి తీసేసి, తెర మీద ఒక గుర్తు గీస్తుంది. మీకు కనిపించే నిటారు గీత నిజమైన స్పైక్ కాదు, మానిటర్ గీసిన బొట్టు. ఈ సెట్టింగ్ ‘కాదు’ మీద ఉంటే, గుండె ఆగినా స్పైక్‌లు కొనసాగుతుంటాయి కనుక వాటినే బీట్లుగా లెక్కేసి 70 అని చూపిస్తూ ఉండొచ్చు. అసిస్టోల్ అలారం రాదు. పేస్‌మేకర్ రోగికి శాచురేషన్ వేవ్ ఎప్పుడూ పక్కనే కనబడాలి అనడం అందుకే.

ఇంకో చిక్కు: ఈసీజీ ఎలక్ట్రోడ్ల ద్వారానే సన్నటి కరెంటు పంపి మానిటర్ ఊపిరి లెక్కిస్తుంది. ఊపిరిని బట్టి వేగం మార్చే రకం పేస్‌మేకర్ దీన్ని రోగి ఊపిరిగా పొరబడి గుండెను పరుగెత్తించవచ్చు. కారణం లేకుండా పేసింగ్ వేగం పెరిగితే మానిటర్‌లో ఊపిరి లెక్క ఆపి చూడండి.

అలారం కొట్టినప్పుడు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో 77 ఐసీయూ బెడ్లను 31 రోజులు గమనిస్తే 25 లక్షలకు పైగా అలారాలు నమోదయ్యాయి. నిపుణులు ఒక్కొక్కటీ విప్పి చూసిన 12,671 అరిథ్మియా (గుండె లయ తప్పింది అనే) అలారాల్లో 88.8 శాతం తప్పుడివి. 2014లో వచ్చిన పరిశోధన ఇది. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే. అందుకే ప్రతిసారీ ఒకే వరుస పాటించండి, ఆలోచించకుండా చేతులు చేసేట్టు.

మొదట రోగి. పలకరించండి, మెడలో పల్స్ చూడండి, 10 సెకన్లకు మించకుండా. పల్స్ లేకపోతే తెర ఏం చూపిస్తున్నా సీపీఆర్ మొదలు. విద్యుత్తు ఉండి పంపింగ్ లేని స్థితిలో ఈసీజీ అంకె చక్కగా 70 ఉండొచ్చు. రెండోది శాచురేషన్ వేవ్, ఆర్ట్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ కొలిచే గొట్టం) ఉంటే దాని వేవ్. అవి లయ తప్పకుండా నడుస్తూ ఈసీజీ మాత్రం అసిస్టోల్ అంటే ఊడిన లీడ్ వెతకండి. మూడోది స్ట్రిప్, తప్పనిసరిగా కాగితం మీద.

వీటీ అని కొట్టింది, రోగి చేతిలో టూత్‌బ్రష్. చాలామటుకు అది చెయ్యి కదలికే, అయినా తేల్చుకోండి. అలారానికి ముందున్న మంచి భాగంలో రెండు పక్కపక్క ముళ్ల దూరాన్ని ఒక కాగితపు అంచు మీద పెన్నుతో గుర్తించండి. అదే దూరాన్ని వరసగా గజిబిజి భాగం మీదుగా జరుపుకుంటూ పోండి. సరిగ్గా గుర్తు పడిన ప్రతిచోటా గజిబిజిలో ఒక సన్నటి ముల్లు తొంగిచూస్తుంటే అది అసలు బీట్, మిగతాదంతా బ్రష్. ముళ్లు దొరక్కుండా, గజిబిజి అయిపోయాక రిథమ్ కొత్త చోటి నుంచి మొదలైతే అది వీటీయే. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, అంటే నిమిషానికి 240 నుంచి 360. ఏట్రియల్ ఫ్లటర్ (గుండె పై గదులు క్రమంగా, అతివేగంగా కొట్టుకోవడం) వేగం కూడా ఆ దరిదాపుల్లోనే. ఆ రోగులకు చేతుల ఎలక్ట్రోడ్లను భుజాల నుంచి ఛాతీ మధ్యకు జరపడం మేలు.

ఇంకో వైపు జాగ్రత్త. సన్నటి వీఎఫ్ (జఠరికలు కొట్టుకోకుండా వణకడం) ఎత్తు మరీ తక్కువైతే మానిటర్ దాన్ని అసిస్టోల్ అని రాయొచ్చు. చదునుగా కనిపించిన గీతను ఇంకో లీడ్‌లో, గెయిన్ పెంచి చూడండి, సీపీఆర్ ఆపకుండా.

హద్దులు రోగిని బట్టి పెట్టండి. మొదటి నుంచీ 52 ఉండే ఆటగాడికి కింది హద్దు 60 ఉంచితే రాత్రంతా కొడుతుంది, చివరికి ఎవరో శబ్దం ఆపేస్తారు. మార్చిన హద్దును చార్టులో రాయండి, షిఫ్ట్ మారేటప్పుడు చెప్పండి. రోగి దగ్గర నిలబడి లీడ్స్ మారుస్తున్నంతసేపూ పాజ్ వాడండి, శాశ్వతంగా ఆపొద్దు.

బయోమెడికల్ వాళ్లకు

సిమ్యులేటర్ (గుండె సంకేతాన్ని అనుకరించే పరికరం) పెట్టి 1 మిల్లీవోల్టు, 80 వేగం ఇవ్వండి, ముల్లు 10 మిల్లీమీటర్లు ఉండాలి. వేగాన్ని 30, 60, 120, 200కు మార్చి అంకె చూడండి. ముల్లు ఎత్తు 0.5 మిల్లీవోల్టుకు తగ్గించినా అంకె నిలవాలి. సంకేతం ఆపేస్తే అసిస్టోల్ అలారం 10 సెకన్లలోపు రావాలి. పేసింగ్ సంకేతం ఒక్కటే ఇచ్చి, క్యూఆర్ఎస్ లేకుండా, ‘పేస్‌డ్: అవును’ పెట్టి అసిస్టోల్ కొడుతుందో లేదో చూడడం మర్చిపోవద్దు, చాలా చెక్‌లిస్టుల్లో ఈ వరుస ఉండదు. కేబుల్‌ను టిచ్‌బటన్ దగ్గర, ప్లగ్ దగ్గర వంచుతూ తెర చూడండి. వైరు లోపల తెగేది ఎక్కువగా ఆ రెండు చోట్లే, పైకి ఏమీ కనిపించదు. అలా తెగిన కేబుల్‌ను ‘పనిచేస్తోంది’ అని డ్రాయర్‌లో పెట్టకండి, అక్కడికక్కడే కత్తిరించి పారేయండి. లేకపోతే రాత్రి డ్యూటీలో అది మళ్లీ ఏదో ఒక బెడ్ మీదికి చేరుతుంది.